నెపెంథిస్ ఖాసియానా: మేఘాలయ కూజా మొక్క

భారతదేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ జాతి ఒక్కటే, నెపెంథిస్ ఖాసియానా. మేఘాలయలోని ఖాసీ, జయంతియా, గారో కొండలు దీని నివాసం. ఆకు కొసన మూతతో వేలాడే కూజాలో కీటకాలను పట్టి, జీర్ణం చేసుకుని, వాటిలోని నత్రజనిని, భాస్వరాన్ని పీల్చుకునే బహువార్షిక మొక్క ఇది. తెలుగులో కూజా మొక్క అంటారు. వృక్షశాస్త్ర పాఠాల్లో కీటకాహార మొక్కలకు ఉదాహరణగా డ్రాసెరాతో పాటు తప్పనిసరిగా కనిపించేది ఈ ప్రజాతే.

ఆహారం అన్న మాటను ఇక్కడ కొంత జాగ్రత్తగా వాడాలి. అన్ని పచ్చని మొక్కల్లాగే ఇదీ ఎండ, నీరు, బొగ్గుపులుసు వాయువుల నుంచి తన పిండిపదార్థాన్ని తానే తయారుచేసుకుంటుంది. పురుగు దానికి అన్నం కాదు, ఎరువు. పోషకాలు కొట్టుకుపోయిన నేలలో వేళ్లకు దొరకనిదాన్ని ఆకులు గాలిలో వెతుక్కుంటాయి.

వర్గీకరణ

కుటుంబం నెపెంథేసి. ఈ కుటుంబంలో ఉన్నది నెపెంథిస్ ప్రజాతి ఒక్కటే. జాతులు మాత్రం 170కి పైగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం బోర్నియో, సుమత్రా, ఫిలిప్పీన్స్ దీవుల్లో పెరుగుతాయి. ఆ కేంద్రానికి దూరంగా పడమట విడివిడిగా మిగిలినవి కొన్నే: మడగాస్కర్‌లో రెండు, సేషెల్స్‌లో ఒకటి, శ్రీలంకలో నెపెంథిస్ డిస్టిల్లటోరియా, మేఘాలయలో ఖాసియానా. దక్షిణ భారతదేశంలో సహజ నెపెంథిస్ లేదు. తెలుగువారిలో చాలామందికి దూరాన్ని బట్టి దగ్గరి నెపెంథిస్ మేఘాలయది కాదు, శ్రీలంకది.

నెపెంథేసి కుటుంబం కారియోఫిల్లేలిస్ క్రమంలోకి వస్తుంది. తోటకూర, గంగపాయల కూర, బోగన్‌విలియా, బ్రహ్మజెముడు, చిత్రమూలం కూడా ఈ క్రమంలోనివే. ఈ జాబితాను చూసి నవ్వుకునేవారికి కింద జీర్ణక్రియ భాగంలో చిత్రమూలం మళ్లీ ఎదురవుతుంది.

అమెరికాకు చెందిన సర్రసేనియా, ఆస్ట్రేలియాకు చెందిన సెఫలోటస్ కూడా కూజా మొక్కలే. వాటికి నెపెంథిస్‌తో దగ్గరి చుట్టరికం లేదు. ఒకే రకమైన పేద నేలల్లో ఒకే రకమైన ఉపాయం వేర్వేరు వంశాల్లో విడివిడిగా పుట్టింది.

చరిత్ర

నెపెంథిస్ గురించిన తొలి లిఖిత వివరణ 1658 నాటిది. మడగాస్కర్‌లో ఫ్రెంచి గవర్నరుగా పనిచేసిన ఎతియెన్ ద ఫ్లాకూర్ అక్కడి కూజా మొక్కను తన గ్రంథంలో వర్ణించాడు. నెపెంథిస్ అన్న పేరు 1737లో కార్ల్ లిన్నేయస్ పెట్టినది. హోమర్ కావ్యం ఒడిస్సీలో దుఃఖాన్ని మరపించే ఔషధం పేరు దానికి మూలం.

మేఘాలయ జాతికి శాస్త్రీయ నామం ఇచ్చినవాడు జోసెఫ్ డాల్టన్ హుకర్. 1850లో ఖాసీ కొండల్లో విస్తారంగా తిరిగి మొక్కలు సేకరించిన హుకర్, 1873లో నెపెంథేసి కుటుంబంపై రాసిన సమగ్ర పరిశీలనలో ఈ జాతిని వర్ణించి, ఆ కొండల పేరే పెట్టాడు. మరుసటి ఏడాది, 1874లో, బెల్‌ఫాస్ట్‌లో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో మాంసాహార మొక్కలపై ఉపన్యసించాడు. నెపెంథిస్ కూజాల్లో గుడ్డులోని తెల్లసొన, మాంసం ముక్కలు వేసి అవి కరగడాన్ని తాను గమనించిన తీరును అందులో వివరించాడు. 1875లో చార్లెస్ డార్విన్ కీటకాహార మొక్కల మీద పుస్తకం ప్రచురించాడు. అందులో అధిక భాగం డ్రాసెరాకే చెందినా, మొక్కలు జంతువులను జీర్ణం చేసుకోగలవన్న మాట ఈ రెండు రచనల తరువాతే శాస్త్రలోకంలో నిలదొక్కుకుంది.

స్థానిక ప్రజలకు ఈ మొక్క హుకర్ కంటే చాలా ముందే తెలుసు. గారోలు దీన్ని మెమాంగ్ కోక్సీ అనీ, ఖాసీలు తియూ రాకోత్ అనీ అంటారు. రెండు పేర్లలోనూ భూతప్రేతాల ఊహ ఉంది.

విస్తృతి, నివాసం

సుమారు 500 నుంచి 1,500 మీటర్ల ఎత్తు దాకా కొండవాలుల్లో, గడ్డిమైదానాల అంచుల్లో, పొదల్లో, వాగుల పక్కన ఖాసియానా పెరుగుతుంది. గారో కొండల్లో బాఘ్‌మారా, జయంతియా కొండల్లో జరాయిన్ ప్రాంతాలు దీనికి పేరుపొందినవి.

ప్రపంచంలో అత్యధిక వర్షపాతం నమోదయ్యే మాసిన్‌రామ్, చిరపుంజి ఈ రాష్ట్రంలోనివే. అక్కడ ఏటా 1,100 సెంటీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. ఇంత వాన పచ్చదనానికి మేలు చేసినా నేలకు నష్టమే. నీటిలో కరిగే లవణాలు ఏడాదికేడాది కిందికి జారిపోయి, నేల ఆమ్లగుణంతో, నత్రజని లేమితో మిగులుతుంది. మామూలు మొక్కలు అక్కడ గిడసబారిపోతాయి. కూజా మొక్కకు అది అనుకూలం, పోటీ ఉండదు కాబట్టి. ఇదే మొక్కను సారవంతమైన మట్టిలో నాటితే వేళ్లు మాడి చచ్చిపోతుంది.

స్వరూపం

కాండం మొదట నేలను అంటిపెట్టుకుని, తరువాత పక్క పొదలను ఆసరా చేసుకుని కొన్ని మీటర్ల పొడవు ఎగబాకుతుంది. ఆకులు ఏకాంతరంగా అమరి ఉంటాయి. వెడల్పైన పచ్చని భాగం చివర మధ్య ఈనె సన్నని నులితీగగా సాగి, ఆ తీగ కొసన కూజా ఏర్పడుతుంది.

ఈ ఆకులో ఏ భాగం ఏదన్న చర్చ పాతది. వెడల్పు భాగం నిజానికి విస్తరించిన పత్రాధారమనీ, నులితీగ పత్రవృంతమనీ, కూజాయే అసలు పత్రదళమనీ, మూత పత్రాగ్రమనీ మన పాఠ్యపుస్తకాలు ఎక్కువగా చెబుతాయి. పత్రదళం మామూలు చోటే ఉందనీ, దాని కొస మాత్రమే తీగగా, కూజాగా మారిందనీ మరొక వాదం. పరీక్షలో మొదటిది రాస్తే మార్కులు వస్తాయి. చర్చ మాత్రం ఇంకా ముగిసిందని చెప్పలేం.

కూజాలు సాధారణంగా 10 నుంచి 20 సెంటీమీటర్ల పొడవు ఉంటాయి. రంగు లేత ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా మారుతుంది. ఒకే మొక్క మీద రెండు రకాల కూజాలు కనిపిస్తాయి. కింది కూజాలు నేలకు దగ్గరగా, పొట్ట ఉబ్బి, ముందువైపు రెండు రెక్కల్లాంటి అంచులతో ఉంటాయి. నేల మీద పాకే చీమలకు ఆ అంచులే నిచ్చెన. పై కూజాలు సన్నగా గరాటు ఆకారంలో ఉండి, తీగ వెనకవైపు అతుక్కుని, రెక్కలు బాగా తగ్గిపోయి ఉంటాయి. వాటి తీగ కొమ్మలకు మెలికవేసి మొక్కకు పట్టు ఇస్తుంది. ఈ తేడా తెలియక ఒకే మొక్క కూజాలను రెండు జాతులుగా లెక్కవేసిన సందర్భాలు నెపెంథిస్ చరిత్రలో ఉన్నాయి.

కూజా నిర్మాణం

మూత: కూజా ఎదుగుతున్నంతకాలం మూసుకునే ఉంటుంది. పూర్తిగా ఎదిగాక ఒక్కసారి తెరుచుకుంటుంది, మళ్లీ మూసుకోదు. పురుగు పడగానే మూత టప్పున పడుతుందన్నది బాగా ప్రచారంలో ఉన్న అపోహ. అలా కదిలి పట్టేది డయోనియా అనే వేరే మొక్క. ఇక్కడ మూత పని వాన నీరు లోపల పడి ద్రవం పలచబడకుండా కాపాడటం, అడుగుభాగంలోని మకరంద గ్రంథులతో పురుగులను రప్పించడం.

అంచు: నోటి చుట్టూ గట్టిగా, నునుపుగా, సన్నని గాళ్లతో వంగి ఉండే వలయం. దీన్ని పెరిస్టోమ్ అంటారు. తేనె ఊరేదీ ఇక్కడే, పురుగు జారేదీ ఇక్కడే.

మైనపు మండలం: అంచు కింద లోపలి గోడ మీద పొరలుపొరలుగా ఊడివచ్చే మైనపు రేణువులు ఉంటాయి. కాళ్లకు అవి అంటుకోవడం వల్ల పైకెక్కే పురుగు పట్టు కోల్పోతుంది.

గ్రంథి మండలం: కూజా కింది భాగం. జీర్ణరసం స్రవించే గ్రంథులు, కరిగిన పోషకాలను పీల్చే గ్రంథులు ఇక్కడ ఉంటాయి.

ఆకర్షణ, బంధనం, జీర్ణం

ఖాసియానా గురించి ఇటీవలి కాలంలో తెలిసిన విశేషాల్లో ఎక్కువ భాగం ఆకర్షణకు సంబంధించినవే. వాటిలో పెద్ద వాటా కేరళలోని పాలోడులో ఉన్న జవాహర్‌లాల్ నెహ్రూ ట్రాపికల్ బొటానిక్ గార్డెన్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌ది. అతినీలలోహిత కాంతిలో చూస్తే కూజా అంచు నీలంగా మెరుస్తుందని ఆ సంస్థ పరిశోధకులు 2013లో ప్రకటించారు. మామూలు పగటి వెలుతురులో మన కంటికి ఆనని ఆ మెరుపు పురుగులను రప్పిస్తుందని వారి వాదన. అంచుకు పూత పూసి ఆ మెరుపును అడ్డుకున్నప్పుడు కూజాల్లో పడే పురుగుల సంఖ్య బాగా తగ్గింది. కూజా లోపలి గాలిలో బొగ్గుపులుసు వాయువు బయటి గాలిలో కంటే చాలా రెట్లు ఎక్కువని 2017లో తేల్చారు. చీమలకు ఇదొక పిలుపు కావచ్చన్నది వారి ప్రతిపాదన. 2023లో వచ్చిన మరో పరిశోధన తేనెనే తప్పుపట్టింది. చక్కెరలతో పాటు అందులో ఐసోషినానోలోన్ అనే పదార్థం ఉందనీ, అది నరాల పనితీరుకు అవసరమైన ఎసిటైల్‌కోలినెస్టరేస్ ఎంజైమును అడ్డుకుంటుందనీ, తాగిన చీమలు అదుపు తప్పుతాయనీ ఆ అధ్యయనం చూపింది. అంటే ఇక్కడ ఎర, మత్తు రెండూ ఒకే చుక్కలో ఉన్నాయి.

జారుడు సంగతి నీటి మీద ఆధారపడుతుంది. ఎండగా ఉన్నప్పుడు అంచు మీద చీమలు సులభంగానే నడుస్తాయి. వాన, మంచు, తేనె తేమల వల్ల గాళ్లలో పల్చటి నీటిపొర ఏర్పడితే వాటి పాదాలకు ఆనిక దొరకదు. ఈ యంత్రాంగాన్ని 2004లో బోర్నియో జాతి నెపెంథిస్ బైకాల్కరేటా మీద జరిగిన ప్రయోగాలు నిరూపించాయి. పొడి వేళల్లో చీమలు క్షేమంగా తేనె తాగి వెళ్లడం మొక్కకు నష్టం కాదని కొందరి వాదన. తిరిగి వెళ్లిన చీమ తోటి చీమలను వెంట తెస్తుంది.

పడిన పురుగు ద్రవంలో మునుగుతుంది. ఆ ద్రవం ఆమ్లగుణం కలది. అందులోని ప్రధాన మాంసకృత్తు విచ్ఛేదక ఎంజైముకు ఈ ప్రజాతి పేరు మీదే నెపెంథిసిన్ అని పేరు. పురుగుల పైపెంకు కైటిన్‌తో తయారవుతుంది. దాన్ని ఛేదించే కైటినేస్ ఎంజైములను ఖాసియానాలోనే ప్రత్యేకంగా అధ్యయనం చేశారు. వాటిలో కొన్ని ఎప్పుడూ ఉండేవి, కొన్ని కైటిన్ తగిలాక మాత్రమే ఉత్పత్తయ్యేవి. తెరుచుకోని కూజాలోని ద్రవంలో సూక్ష్మజీవులు ఉండవు. తెరుచుకున్నాక పురుగులు కుళ్లి బూజు పెరగకుండా డ్రోసెరోన్ వంటి నాఫ్థోక్వినోన్ రసాయనాలు అడ్డుకుంటాయి. ఖాసియానాలో పురుగు పడ్డాక పెరిగే అలాంటి మరో పదార్థం ప్లంబాజిన్. మన ఆయుర్వేదంలో వాడే చిత్రమూలం వేరులోని ఘాటైన పదార్థం అదే. పై వర్గీకరణలో చెప్పిన చుట్టరికం రసాయనంలో కూడా కనిపిస్తుందన్నమాట.

చావని జీవులూ ఈ ద్రవంలో ఉన్నాయి. కొన్ని దోమల, ఈగల లార్వాలు కూజాల్లోనే పెరుగుతాయి. పడిన పురుగులను అవి ముక్కలు చేసి తింటాయి, వాటి విసర్జన మొక్కకు అందుతుంది.

ప్రత్యుత్పత్తి

ఖాసియానా ఏకలింగాశ్రయి. మగ పూలు ఒక మొక్క మీద, ఆడ పూలు వేరొక మొక్క మీద పూస్తాయి. పొడవైన కాడ మీద చిన్న పూలు గుత్తిగా వస్తాయి. ఆకర్షక పత్రాలు ఉండవు, నాలుగు పరిపత్రాలు ఉంటాయి. మగ పూలలో కేసరాలు కలిసి ఒకే స్తంభంగా నిలుస్తాయి. పండు గుళిక. ఎండి పగిలినప్పుడు దారపు పోగుల్లాంటి తేలికైన గింజలు గాలికి ఎగిరిపోతాయి.

ఈ ఏర్పాటులో ఒక బలహీనత ఉంది. ఒక చోట మిగిలిన పది మొక్కలూ మగవే అయితే అక్కడ గింజ పుట్టదు. జనాభా తగ్గి, ముక్కలు ముక్కలుగా విడిపోయినప్పుడు ఈ ప్రమాదం పెరుగుతుంది.

మానవ వినియోగం

తెరుచుకోని కూజాలోని ద్రవాన్ని కళ్ల బాధలకు, మరికొన్ని రుగ్మతలకు వాడే అలవాటు ఖాసీ, గారో సంప్రదాయ వైద్యంలో ఉంది. ఇంటి వాడకానికి దాన్ని ఎవరూ అనుకరించకపోవడం మంచిది. అలంకరణ మొక్కగా దీనికి పేరు 19వ శతాబ్దం నుంచే ఉంది.

ముప్పు, సంరక్షణ

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య ఎర్ర జాబితాలో ఖాసియానా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. కారణాలు బొగ్గు తవ్వకం, రోడ్లు, పోడు వ్యవసాయం, అమ్మకానికి మొక్కలను పెరికివేయడం. వీటిలో పెరికివేతే ఎక్కువగా వార్తల్లోకి వస్తుంది. నిజానికి అంతకంటే లోతైన దెబ్బ నేల పోవడం. పెరికిన చోట గింజ మళ్లీ మొలవవచ్చు. గనిగా మారిన వాలు మీద మొలవదు.

అడవి జంతు, వృక్ష జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో ఈ జాతి మొదటి అనుబంధంలో ఉంది. అత్యంత కఠిన నియంత్రణ ఈ అనుబంధానిదే. మిగతా నెపెంథిస్‌లలో బోర్నియోకు చెందిన నెపెంథిస్ రాజాకు మాత్రమే ఆ స్థాయి రక్షణ ఉంది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972కు 1991లో చేసిన సవరణ మొక్కలకూ రక్షణ కల్పించినప్పుడు ఆరో షెడ్యూలులో చేరిన కొద్ది మొక్కల్లో ఇదొకటి. అదే షెడ్యూలులో తెలుగు నేలకు చెందినదీ ఒకటుంది: శేషాచలం కొండల్లో మాత్రమే సహజంగా పెరిగే సైకస్ బెడ్డోమి. 2022 సవరణ తరువాత రక్షిత మొక్కల జాబితా మూడో షెడ్యూలుకు మారింది.

దక్షిణ గారో కొండల్లోని బాఘ్‌మారా వద్ద ఈ మొక్క కోసమే ఒక అభయారణ్యం ఉంది. విస్తీర్ణం మూడు హెక్టార్ల లోపే. సహజ ఆవాసం వెలుపల షిల్లాంగ్‌లోని నార్త్ ఈస్టర్న్ హిల్ విశ్వవిద్యాలయం, పాలోడు సంస్థ కణజాల వర్ధనం ద్వారా మొక్కలను పెంచే పద్ధతులను అభివృద్ధి చేశాయి.

తెలుగు నేల మీద మాంసాహార మొక్కలు

తెలుగు రాష్ట్రాల్లో నెపెంథిస్ లేకపోయినా మాంసాహార మొక్కలు లేకపోలేదు. వానాకాలం చివర, చెమ్మగా ఉండే ఇసుక, రాతి నేలల్లో డ్రాసెరా బర్మానీ, డ్రాసెరా ఇండికా మొలుస్తాయి. ఆకుల మీది ఎర్రని రోమాల కొసన మంచుబిందువుల్లా మెరిసే జిగురుకు చిన్న పురుగులు అంటుకుంటాయి. కుంటల్లో, మడుగుల్లో, తడి గట్ల మీద యుట్రిక్యులేరియా జాతులు కనిపిస్తాయి. వాటి తిత్తులు సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ వ్యవధిలో నీటితో పాటు సూక్ష్మజీవిని లోపలికి లాగేస్తాయి. మొక్కల రాజ్యంలోని అత్యంత వేగవంతమైన కదలికల్లో ఇదొకటి. గుప్పెడంత కూడా లేని ఈ మొక్కలను తొక్కుకుంటూ పోతారే తప్ప చూసేవారు అరుదు.

హైదరాబాద్‌లో కూజా మొక్క

నెపెంథిస్‌ను హైదరాబాద్ నగరవాసి ఎక్కువగా ఎరిగింది పుస్తకాల్లోని గీతల బొమ్మగానే.

ఖాసియానాకు ఈ నగరం సహజంగా సరిపడదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఎత్తు లెక్కన ఇబ్బంది లేదు. తేడా తేమలో ఉంది. ఇక్కడ ఏడాది వర్షపాతం 80 సెంటీమీటర్లకు అటూ ఇటూ, ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలి పొడిగా వీస్తుంది. ఆ వారాల్లో కొత్త ఆకులు వస్తాయి కానీ వాటి కొసన కూజా కట్టదు, మొగ్గ ఎండిపోతుంది.

నీరు మరో చిక్కు. నగర బోరు నీటిలో లవణాలు ఎక్కువ. కొన్నాళ్లు పోస్తే మిశ్రమంలో పేరుకుని వేళ్లను దెబ్బతీస్తాయి. వాన నీరు లేదా ఆర్.ఓ. నీరు వాడాలి. మట్టికి బదులు కొబ్బరి పీచు, నాచు, పెర్లైట్ కలిపిన సారంలేని మిశ్రమం సరిపోతుంది. కొబ్బరి పీచును ముందు ఉప్పు పోయేదాకా కడగాలి. నేరుగా మధ్యాహ్నపు ఎండ తగలకూడదు. కుండీకి ఎరువు వేయకూడదు; ఆరుబయట ఉంటే పురుగులు వాటంతట అవే వస్తాయి.

నర్సరీల్లో కూజా మొక్క పేరుతో ఎక్కువగా దొరికేది ఖాసియానా కాదు, ఫిలిప్పీన్స్ జాతుల నుంచి పుట్టిన వెంట్రాటా అనే సంకరం. అది పొడి గాలిని మరికొంత తట్టుకుంటుంది, కొమ్మ కటింగ్‌లతో సులభంగా వృద్ధవుతుంది, ఇంటి పెంపకానికి అదే నయం. ఎవరైనా ఖాసియానాయే అని చెప్పి అమ్మితే అది కణజాల వర్ధనంలో పెంచినదా, కొండ మీద పెరికినదా అని అడగండి, అనుమతి పత్రం చూపమనండి. అడవి నుంచి తెచ్చిన ఖాసియానాను అనుమతి లేకుండా కొనడం, అమ్మడం, దగ్గర ఉంచుకోవడం చట్టప్రకారం నేరం.